పండగలో నా పనేంటి?

మా ఆఫీసులో దసరా అందరికంటే ముందే వచ్చేస్తుంది. ఊళ్లో వినాయకుడి నిమజ్జనం కూడా అవ్వకముందే మా డెస్కులో బతుకమ్మ పూలూ, బొమ్మల కొలువు మెట్లూ, సద్దుల రకాలూ పేజీల్లోకి ఎక్కేస్తాయి. ఆదివారం పుస్తకం మీ చేతికి రావాలంటే పది పదిహేను రోజుల ముందే పేజీలు ప్రెస్సుకు వెళ్లిపోవాలి మరి! అలా ఈసారి నా వంతుకి వచ్చిన వ్యాసం 'పిల్లలతో పండగ'. టీవీ కట్టేయండి, సెల్‌ఫోన్లు పక్కన పడేయండి, పిల్లల్ని పనుల్లో కలుపుకోండి... అంటూ పేజీ నిండా సలహాలు రాసిచ్చా. హెడ్డింగు బాగుందని మెచ్చుకున్నారు కూడా.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ బస్సులో సీటు దొరగ్గానే నేను చేసిన మొదటి పనేంటో తెలుసా? ఫోన్ తీసి, రెడీమేడ్ బతుకమ్మకి ఆర్డరివ్వడం. సద్దుల బతుకమ్మ నాటి మధ్యాహ్నానికి ఇంటికే తెచ్చిస్తారట. మూడు వందలు అడ్వాన్సు పంపించి, 'హమ్మయ్య, ఒక పనైపోయింది' అనుకున్నా.

సలహా ఇచ్చేవాళ్లకి ఆ సలహా వర్తించదని ఎక్కడైనా రాసి ఉందేమో!

అది పని కాదుగా...

మా పెద్దదీ చిన్నోడూ ఈ పేజీ చదివేవాళ్లకి పాతవాళ్లే. పెద్దదానికి తొమ్మిదేళ్లు. చిన్నోడికి ఐదు. దసరా సెలవులిచ్చారు. భాద్రపద అమావాస్య... అంటే ఎంగిలిపూల బతుకమ్మ రోజు. పొద్దున్నే వంటింట్లోకి వచ్చి నిలబడింది పెద్దది.

''అమ్మా, పండగలో నా పనేంటి?''

పప్పు తాలింపు వేస్తూ, ''కొత్త లంగా జాకెట్టు వేసుకుని, జడ వేయించుకుని రెడీ అవ్వడం'' అన్నా.

''అది పని కాదుగా, రెడీ అవ్వడం. నా పనేంటి?''

''ఫొటోలు తీద్దువుగాని'' అన్నా. అదేమీ మాట్లాడకుండా వెళ్లిపోయింది. పిల్లలు మారు మాట్లాడకుండా వెళ్లిపోతే, మాట విన్నారని మనం అనుకుంటాం. నిజానికి మన దగ్గర సమాధానం లేదని వాళ్లకి అర్థమైపోయిందన్నమాట.

ఇక్కడ మీకో విషయం చెప్పాలి. పోయినేడు వినాయక చవితి వెళ్లిన వారానికి మా మామయ్య పోయారు. ఆ ఏడు మాకు దసరా లేదు, దీపావళి లేదు. సిద్దిపేట దగ్గర పల్లెలో ఒక్కరే ఎలా ఉంటారని, చలికాలం మొదలయ్యేసరికి మా అత్తమ్మని హైదరాబాద్ తీసుకొచ్చేశాం. ఈ ఏడు సంవత్సరీకం అయిపోయింది కాబట్టి పండగ చేసుకోవచ్చు. కానీ, అత్తమ్మ మాత్రం తన గదిలోనే ఉండిపోయేవారు. 'పెద్దావిడ... ఆవిణ్ని కష్టపెట్టడం దేనికి' అని నేనూ ఏ పనీ చెప్పేదాన్ని కాదు. చెప్పకపోవడమే ప్రేమ అనుకున్నా.

ఆ ఊళ్లో ఉన్నప్పుడు పద్ధతి వేరు. తెల్లారకముందే మామయ్య సైకిలేసుకుని వెళ్లి తంగేడు, గునుగు కోసుకొచ్చేవారు. హ్యాండిల్‌కి రెండు వైపులా పూల మూటలు. అవి వాకిట్లో పడగానే అత్తమ్మ చేతులు మొదలయ్యేవి. తెచ్చేది ఆయన, పేర్చేది ఈవిడ. నలభై ఏళ్లు అలాగే జరిగింది. పెళ్లయి వెళ్లిన నేను కూడా ఆ పూలకీ పూలకీ మధ్య ఎక్కడా చెయ్యి పెట్టలేదు. నాకు రాదు కూడా. మా పుట్టిల్లు తూర్పుగోదావరి. మా వైపు అట్లతద్దే తప్ప బతుకమ్మ లేదు.

బతుకమ్మ అలిగింది... మా అమ్మాయీ అలిగింది

వంటింట్లో సమాధానం దొరకని మా పెద్దది నానమ్మ గదిలోకి వెళ్లింది. స్కూలు నోట్‌బుక్కు ఒకటి చేత పట్టుకుని వెళ్లిందని నాకు తర్వాత తెలిసింది. అందులో ఇలా రాసుకుంది... మొదటి రోజు ఎంగిలిపూలు, రెండో రోజు అటుకులు, మూడు ముద్దపప్పు, నాలుగు నానబియ్యం, ఐదు అట్లు, ఆరు అలిగిన బతుకమ్మ, ఏడు వేపకాయలు, ఎనిమిది వెన్నముద్దలు, తొమ్మిది సద్దులు. ప్రతి పేరు పక్కనా ఆ రోజు ఏం నైవేద్యం పెడతారో కూడా. 'వేపకాయలు' పక్కన బ్రాకెట్లో 'చేదువి కాదు, పిండితో చేసినవి' అని రాసుకుంది. ఆరో రోజు పక్కన మాత్రం ఏమీ లేదు. ఎందుకంటే ఆ రోజు బతుకమ్మ అలుగుతుంది. పేర్చరు, నైవేద్యం పెట్టరు.

సరిగ్గా ఆ అలిగిన బతుకమ్మ రోజే, బతుకమ్మ ఎక్కడ డెలివరీ ఇవ్వాలంటూ ఆ అమ్మేవాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ ఎత్తింది ఎవరో చెప్పక్కర్లేదుగా!

''మనం చేయట్లేదా? కొంటున్నామా?'' అని అడిగింది.

''టైమెక్కడుందే... ఆ రోజు మధ్యాహ్నం వరకూ నాకు ఆఫీసుంది.''

''నీకుంది. నాకు లేదుగా. నానమ్మకి లేదుగా!''

అంతే. ఆ పూట అన్నం తినలేదు. నానమ్మ గదిలోకెళ్లి తలుపేసుకుంది. కాసేపటికి లోపల్నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. ''బతుకమ్మ గూడా ఒక్క దినమే అలుగుతది బిడ్డా. తెల్లారి మళ్ల వస్తది. ఉండు, మీ నాయినతోటి మాట్లాడుదాం.''

చాలా నెలల తర్వాత ఆ ఇంట్లో అత్తమ్మ ఒక పని తన మీద వేసుకోవడం అదే మొదలు.

రాష్ట్ర పుష్పం ఎక్కడుంది?

సద్దుల రోజు తెల్లవారుజామున అయిదింటికే మావారు పిల్లలిద్దర్నీ కారెక్కించుకుని బయల్దేరారు. ఘట్‌కేసర్ దాటితే తంగేడు దొరుకుతుందని ఎవరో చెప్పారట. 2014లో తెలంగాణ వచ్చాక బతుకమ్మ రాష్ట్ర పండగైంది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది. బాగానే ఉంది కానీ, ఆ రాష్ట్ర పుష్పం కోసం వీళ్లు తిరగని వెంచరు లేదు. ఎక్కడ చూసినా హద్దురాళ్లు, రంగుల జెండాలు, 'ప్లాట్లు అమ్మబడును' బోర్డులే. చివరికి ఒక చెరువు కట్ట పక్కన నాలుగైదు తంగేడు చెట్లు, ఇంకాస్త ముందు ఒక చేను గట్టున గునుగు కనిపించాయట.

గునుగు ఎవరూ విత్తే మొక్క కాదు. వానలకి చేలల్లో దానంతటదే మొలుస్తుంది. మిగతా రోజుల్లో రైతుకి అది కలుపు. పీకి గట్టు మీద పడేస్తాడు. తంగేడు కూడా అంతే, బంజరు నేలల్లో ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగేదే. ఎవరూ పట్టించుకోని ఆ రెండూ ఏడాదిలో ఈ తొమ్మిది రోజులూ దేవతైపోతాయి. ఈ సంగతి మావారు చెబితే, ''అయితే మనం కలుపు తీసి రైతుకి హెల్ప్ చేస్తున్నామన్నమాట'' అన్నాడట చిన్నోడు, చేతినిండా గునుగు పట్టుకుని.

సగం గోనెసంచే నిండింది. మిగతా సగం ఉప్పల్‌లో రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్ముతున్నవాళ్ల దగ్గర కొన్నారు. ఊళ్ల నుంచి రాత్రే వచ్చి, ఫుట్‌పాత్ మీదే పడుకుని అమ్ముకునేవాళ్లు. బేరమాడొద్దని మా పెద్దది వాళ్ల నాన్న చొక్కా పట్టుకుని లాగిందట. 'మనకి ఇంతే దొరకడానికి ఎంతసేపు పట్టింది నాన్నా' అని. నేను రాసిన పేజీడు సలహాల్లో ఈ పాఠం లేదు.

సంచి తెచ్చి హాల్లో కుమ్మరించారు. పసుపూ తెలుపూ కలిసిన ఆ కుప్పనీ, ఆ పచ్చి వాసననీ చూసి గది గుమ్మంలో నిలబడిపోయారు అత్తమ్మ. ఏమీ అనలేదు. ఒక్క క్షణం వీధి గుమ్మం వైపు చూశారు. సైకిలు అక్కడ ఆగిందేమో అన్నట్టుగా.

నడుమ నింపాలె...

ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టా. (పెట్టక ఏం చేస్తాను చెప్పండి!) ఫోన్లో వీడియో చూస్తూ నేనూ, పెద్దదీ మొదలుపెట్టాం. ఇత్తడి తాంబాళంలో గుమ్మడాకులు పరిచాం. చుట్టూ తంగేడు పూలు. దాని మీద గునుగు. మూడు వరసలు వచ్చేసరికి మా బతుకమ్మ పక్కింటివాళ్ల వైపు వంగింది. సరిచేస్తే ఇటు వాలింది. నాలుగో వరసకి నడుములు విరిగినట్టు కూలిపోయింది.

''జరుగుండ్రి'' అన్న మాట వినిపించింది వెనక నుంచి.

అత్తమ్మ కొంగు బిగించి కింద కూర్చున్నారు. పడిపోయిన పూలన్నీ తీసేసి, మేం పారేసిన కాడల్నీ ఆకుల్నీ దగ్గరికి లాక్కుని కత్తిపీటతో చిన్నగా తరిగారు. ''ఏంజేసిండ్రు మీరు? సుట్టూ పువ్వులు వెట్టుకుంట పోయిండ్రు గని నడుమ ఏం నింపలే. నడుమ గట్టిగ నింపాలె. కనవడేటివి పువ్వులే. నిలవెట్టేటివి మాత్రం లోపలున్న ఆకులే బిడ్డా'' అన్నారు.

ఇక అక్కణ్నుంచి ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో పని పడింది. చిన్నోడికి తంగేడు రెమ్మల నుంచి పూలు తుంచే పని. మావారికి గునుగు కట్టలు కట్టి, కాడలు సమానంగా కోసే పని. పెద్దదానికి గునుగు కొసలకి రంగులద్దే పని... గిన్నెల్లో గులాబీ, ఆకుపచ్చ, నీలం. నాకు ఆకులు తరిగి అందించే పని. వరస వరసకీ చుట్టు తగ్గించుకుంటూ, దారంతో బిగిస్తూ, మధ్యలో బంతీ చామంతీ కలుపుతూ... అత్తమ్మ చేతులు ఆగలేదు. ఇన్నాళ్లూ ఆవిడ కాళ్ల నొప్పులనీ, కళ్లు కనిపించట్లేదనీ అంటుంటే మందులు తెచ్చిపెట్టాం. ఆ రోజు రెండు గంటలు కింద కూర్చున్నా ఒక్కసారి కూడా మోకాళ్ల మాట ఎత్తలేదు.

మధ్యలో బెల్ మోగింది. నా రెడీమేడ్ బతుకమ్మ వచ్చింది! చక్కగా, నిటారుగా, మెరుపుల కాగితం చుట్టుకుని. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అత్తమ్మే నవ్వేశారు. ''పెద్ద బతుకమ్మ పక్కన తోడు బతుకమ్మ ఉండాలె గద. ఇది తోడుకొచ్చింది, కూసోవెట్టు'' అన్నారు. మూడు అడుగులు పెరిగిన ఇంటి బతుకమ్మ పక్కన, ఏడు వందల బతుకమ్మ బుద్ధిగా కూర్చుంది.

చేసింది నువ్వే కదా!

చివరికి శిఖరం మీద గుమ్మడి పువ్వు పెట్టాక, పసుపు ముద్దతో గౌరమ్మని చేసి నిలపాలి. పసుపు కలిపి తమలపాకులో పెట్టి అత్తమ్మకి అందించా. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

''నువ్వు వెట్టు బిడ్డా. నేను వెట్టద్దు.''

మీలో చాలామందికి ఇది కొత్త మాట కాదు. భర్త పోయిన ఆడవాళ్లు తమంతట తామే ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఎవరో ఒకరు అనకముందే. ఆ అడుగుని మనమందరం చూస్తాం. చూడనట్టుంటాం. ఆడవాళ్ల హక్కుల మీద వ్యాసాలు రాసిన నేను కూడా ఆ క్షణంలో నోరు తెరవలేకపోయా. ఏమంటే ఆవిడ నొచ్చుకుంటారోనని భయం. పసుపు నా చేతిలోనే ఉండిపోయింది.

''ఎందుకు పెట్టకూడదు?'' అని అడిగింది పెద్దది.

ఎవరూ జవాబు చెప్పలేదు. మావారు గోడ వైపు తిరిగారు.

''నానమ్మా, చేసింది నువ్వే కదా! నువ్వు నింపకపోతే పడిపోయేది కదా! మరి నువ్వెందుకు పెట్టకూడదు?''

తొమ్మిదేళ్ల పిల్లకి ఆచారం తెలియదు. పని ఎవరు చేశారో తెలుసు. అంతే. అత్తమ్మ దాని మొహంలోకి చాలాసేపు చూశారు. కళ్లు తుడుచుకున్నారు. తర్వాత ఆ పసుపు ముద్ద తీసుకుని, తన రెండు వేళ్లతో గౌరమ్మని తీర్చిదిద్ది, ''నా చెయ్యి మీద నీ చెయ్యి వెయ్యి'' అన్నారు. కింద ముడతలు పడ్డ చెయ్యి, పైన రంగులంటిన చిన్న చెయ్యి. ఇద్దరూ కలిసి పెట్టారు.

ఎవరు పెట్టినట్టు? లెక్క తేల్చడం నా వల్ల కాదు. తేల్చాల్సిన అవసరం కూడా కనిపించలేదు.

సాయంత్రం అపార్ట్‌మెంట్ కింద ఖాళీ స్థలంలో బతుకమ్మలన్నీ మధ్యలో పెట్టారు. ఎవరైనా ఏదైనా అంటే ఏం చెప్పాలో లోలోపల సిద్ధం చేసుకుని మరీ దిగా. ఎవరూ ఏమీ అనలేదు. స్పీకర్లో పాటలు రెండు సార్లు తిరిగి ఆగిపోయాక, ''ఎవరికైనా పాత పాటలొచ్చా?'' అని అడిగారు మూడో అంతస్తావిడ. మా పెద్దది నానమ్మ చెయ్యి పట్టుకుని మధ్యలోకి లాక్కెళ్లింది. మొదట గొంతు పెగల్లేదు. రెండో చరణానికి సర్దుకుంది. ఆ తర్వాత గంటన్నర! చెప్పేది ఆవిడ, ఎత్తుకునేది మేమంతా. చప్పట్లు కొట్టడం రాని నేను అందరికంటే అర చప్పట్టు వెనక.

దసరా నాడు ఊరెళ్లాం. జమ్మి ఆకుల్ని 'బంగారం' అంటూ పెద్దల చేతిలో పెట్టి కాళ్లకి దండం పెట్టుకోవడం అక్కడి పద్ధతి. చిన్నోడు అందరికీ పంచి, ఒక ఆకు మాత్రం జేబులో దాచుకున్నాడు. రాత్రి చూస్తే అది మామయ్య ఫొటో మీద ఉంది. ''తాత కిందకి వంగలేడుగా, అందుకే కుర్చీ ఎక్కి పెట్టా'' అన్నాడు.

అమ్మ చెప్పిన పప్పుబెల్లాలు

ఈ కథంతా ఫోన్లో చెబితే మా అమ్మ, ''ఇందులో వింతేముందే'' అనేసింది. తన చిన్నప్పుడు దసరా వస్తే బడిపిల్లల్నే వెంటబెట్టుకుని పంతులుగారు ఇంటింటికీ వచ్చేవారట. రంగుకాగితాలు అంటించిన వెదురు విల్లంబులు పట్టుకుని పిల్లలు పద్యాలు పాడాలి. ఇంటివాళ్లు పంతులుగారికి దక్షిణ, పిల్లలకి పప్పుబెల్లాలు ఇవ్వాలి. అంటే పంతులుగారి పండగ ఖర్చు పిల్లల గొంతు మీద ఆధారపడి ఉండేదన్నమాట! దసరా వెళ్లిన ఎనిమిదో రోజుకి అట్లతద్ది. ఆ రోజు తెల్లవారకుండానే లేచి చద్దన్నం తిని, వీధివీధంతా తిరిగి ఆడుకుని, ఉయ్యాలలూగి, చంద్రుణ్ని చూశాక అట్లు వాయనం ఇవ్వడం... ఆడపిల్లలకి ఆ పండగ మొత్తం వాళ్లదే. పెద్దవాళ్లు అట్లు పోసిపెట్టేవరకే. ''మాకు పండగ ఎవరూ చూపించలేదే, మేమే చేశాం'' అంది అమ్మ.

అవును కదా అనిపించింది. ఇప్పుడు మనం పిల్లలకి పండగ చూపిస్తున్నాం. కొత్తబట్టలు వేసి, ముందు వరసలో నిలబెట్టి, ఫొటో తీసి స్టేటస్‌లో పెడుతున్నాం. ఇంట్లో పెద్దవాళ్లని కూడా అంతే... 'మీరు కూర్చోండి' అని కుర్చీ వేస్తున్నాం. చిన్నవాళ్లకి ఇంకా చేతకాదని, పెద్దవాళ్లకి ఇక చేతకాదని. మధ్యలో మనం ఒక్కళ్లమే అన్నీ నెత్తినేసుకుని, 'పండగంటే విసుగొస్తోంది' అంటున్నాం. చేతిలో పని లేనివాళ్లకి పండగ కూడా లేదని నాకు ఈ ఏడే తెలిసింది.

దీపావళికి ఎవరి పని వాళ్లది

ఈ పుస్తకం మీ చేతికొచ్చేసరికి దీపావళి గుమ్మంలో ఉంటుంది. ఈసారి సలహాలు నావి కావు, మా ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలోవి. రాసింది మా పెద్దది.

మట్టి ప్రమిదల్ని ముందు రోజే నీళ్లలో నానేసి ఆరబెట్టడం చిన్నోడి పని. అలా చేస్తే అవి నూనె పీల్చవు. వాటిని లెక్కపెట్టి వరసగా పేర్చడమూ వాడిదే. అయిదేళ్లవాళ్లకి లెక్కలు నేర్పడానికి ఇంతకంటే మంచి పుస్తకం లేదు. దూదితో వత్తులు చేయడం నానమ్మా, పెద్దదీ. ముగ్గుకి చుక్కలు పెట్టేది పెద్దది, కలిపేది నేను. టపాసులకి ఇంత అని డబ్బు ముందే ఇచ్చేశాం. అందులో ఏం కొనాలో జాబితా రాసి, లెక్క చూపించాల్సింది పిల్లలే. ఆ లెక్క మొదలుపెట్టాక రెండు పెద్ద బాంబులు వాటంతటవే కొట్టివేతకి గురయ్యాయి. పక్కింటి తాతగారికి, వాచ్‌మన్ వాళ్లింటికి మిఠాయిలు ఇచ్చి రావడం ఇద్దరిదీ.

అగ్గి దగ్గర మాత్రం పని పెద్దవాళ్లదే. 2018లో సుప్రీంకోర్టు దీపావళి టపాసులకి రాత్రి ఎనిమిది నుంచి పదివరకూ అని సమయం పెట్టింది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ రెండు గంటలు చాలు, ఎక్కువే. ఒంటికి నూలుబట్టలు, పక్కనే బకెట్టు నీళ్లు. చెయ్యి కాలితే ఐసుముక్కా వద్దు, టూత్‌పేస్టూ వద్దు. పది ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టి, తర్వాత డాక్టరు దగ్గరికే.

అమ్మ చెప్పిన ఇంకో పని కూడా జాబితాలో ఎక్కింది. మా గోదావరి వైపు దీపావళి సాయంత్రం గోగు కాడలకి నూనెగుడ్డలు చుట్టి, వెలిగించి, పిల్లల చేత నేలకి కొట్టిస్తారు. తర్వాత కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి మిఠాయి తినాలి. గోగు కాడలు తెచ్చే బాధ్యత మావారిది. తంగేడు వెతికిన మనిషికి గోగు ఒక లెక్కా!

ఆ కాగితంలో చివరి వరస చదివి నవ్వుకున్నా. 'అమ్మ పని: సెలవు పెట్టడం. ఏమీ ఆర్డర్ చేయకుండా ఉండటం' అని ఉంది. దాని కింద వేరే చేతిరాత. మా అత్తమ్మది. వానాకాలం చదువుల రాత, వంకరటింకర అక్షరాలు. ఎప్పుడు రాశారో ఏమో!

'మొదటి దీపం: నానమ్మ'.

ఈసారి ఎవరూ అడగాల్సిన అవసరం రాలేదు. ఆ పని ఆవిడే తీసుకున్నారు.